తొమ్మిదో స్థానం: సైనిక అకాడమీల ఎంపికలో మరోవైపు చరిత్ర



సైనిక అధికారి కావాలన్న కోరిక చాలామందిలో పదో తరగతికి ముందే మొదలవుతుంది. జనవరి 26న టీవీలో కవాతు చూసి కొందరు, సైన్యంలో పనిచేసే మేనమామ సెలవుకు వచ్చినప్పుడు ఆయన యూనిఫాం చూసి కొందరు, విమానాల మీద మోజుతో కొందరు ఆ దారిని ఎంచుకుంటారు. దరఖాస్తులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి, సీట్లు వందల్లో ఉంటాయి. అంటే ఈ దారిలో నడిచినవారిలో అత్యధికులకు వచ్చే జవాబు "ఎంపిక కాలేదు" అన్నదే. మన చరిత్ర పుస్తకాలు ఎంపికైనవారి గురించి రాస్తాయి. ఎంపిక కానివారికి ఏమైంది? అసలు ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వద్దనాలో నిర్ణయించే పద్ధతులు ఎక్కడ పుట్టాయి, ఎలా మారాయి? ఈ పాఠంలో ఆ సంగతులు చూద్దాం.

మీకందరికీ తెలిసిన మనిషితో మొదలుపెడదాం. 1958లో, మద్రాసులో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఒక యువకుడు రెండు ఇంటర్వ్యూల కోసం ఉత్తరాదికి రైలెక్కాడు. ఒకటి ఢిల్లీలో, రక్షణశాఖ సాంకేతిక విభాగంలో ఉద్యోగానికి. రెండోది డెహ్రాడూన్‌లో, వైమానిక దళంలో అధికారి పదవికి. అతని మనసంతా రెండోదాని మీదే. ఎగరాలన్నది చిన్ననాటి కోరిక. డెహ్రాడూన్ బోర్డు ముందుకు 25 మంది వచ్చారు. తీసుకున్నది 8 మందిని. ఆ యువకుడికి వచ్చింది తొమ్మిదో స్థానం. అతని పేరు అబ్దుల్ కలాం.

అక్కడి నుంచి ఆయన రుషీకేశ్ వెళ్ళి, గంగలో స్నానం చేసి, స్వామి శివానందను కలిసి తన బాధ చెప్పుకున్నట్టు తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తరువాత ఢిల్లీకి తిరిగి వస్తే అక్కడి ఇంటర్వ్యూ ఫలితంగా ఉద్యోగపు ఉత్తర్వు చేతికి వచ్చింది. సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్, మూలవేతనం నెలకు 250 రూపాయలు. తరువాతి కథ మీకు తెలుసు. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1982లో ఆయన హైదరాబాద్‌లోని డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా వచ్చారు. అక్కడే పృథ్వి, అగ్ని క్షిపణుల పని జరిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ కథను సాధారణంగా ఎలా చెబుతారు? "చూశారా, వద్దన్నా ఆయన రాష్ట్రపతి అయ్యారు" అని. దాన్ని నేను కాదనను. కాని సైన్సు చెప్పేదాన్ని కనుక నా దృష్టి ఎప్పుడూ ఇంకోచోటికి పోతుంది: ఆ ఎనిమిది అన్న సంఖ్య మీదికి. ఆ ఏడు ఖాళీలు తొమ్మిది ఉండి ఉంటే? అదే మనిషి, అవే మార్కులు, అదే బోర్డు. జవాబు మాత్రం తారుమారయ్యేది. ఎంపిక అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: మీ సామర్థ్యం ఒకటి, ఆ ఏడు ఉన్న సీట్ల సంఖ్య రెండోది. మొదటిది మీది. రెండోదాన్ని ఎక్కడో ఒక కార్యాలయంలో బడ్జెటు చూసి నిర్ణయిస్తారు. ఫలితం వచ్చిన రోజు మాత్రం మనం రెండింటినీ కలిపి మన సామర్థ్యం ఖాతాలోనే వేసుకుంటాం.

ఖాళీ ఒక మనిషి జీవితాన్ని ఎటు తిప్పుతుందో చెప్పడానికి అమెరికా చరిత్రలో చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ 1802లో ఏర్పడింది. అందులో చేరాలంటే పరీక్షలు ఒక్కటే చాలవు, తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి సిఫారసు కావాలి. ఈనాటికీ ఆ నామినేషన్ పద్ధతి ఉంది. 1839లో ఒహైయోలోని ఒక చిన్న ఊళ్ళో ఒక కుర్రవాడు అకాడమీ నుంచి వెనక్కు వచ్చేశాడు, పరీక్షల్లో నెగ్గలేక. దాంతో ఆ ప్రాంతానికి ఒక సీటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి పొరుగింటి తోళ్ళ వ్యాపారి కొడుకు వెళ్ళాడు. ఆ కుర్రవాడికి వెళ్ళాలని పెద్దగా కోరిక కూడా లేదు, తండ్రి పట్టుబట్టాడు. సిఫారసు చేసిన కాంగ్రెస్ సభ్యుడు హడావుడిలో పేరు కూడా తప్పు రాశాడు. హైరమ్ యులిసిస్ గ్రాంట్ కాస్తా యులిసిస్ ఎస్. గ్రాంట్ అయ్యాడు. అదే పేరుతో ఆయన అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలకు అధిపతి అయ్యాడు, తరువాత దేశాధ్యక్షుడయ్యాడు. వెనక్కు వచ్చిన ఆ పొరుగు కుర్రవాడి సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం. అదీ గ్రాంట్ కోసమే!

అదే దేశంలో డగ్లస్ మెకార్థర్ కథ ఇంకో రకం. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుకుకు అధ్యక్షుడి కోటాలో సీటు కోసం ప్రయత్నించాడు. ఇద్దరు అధ్యక్షులు, క్లీవ్‌లాండ్, మెకిన్లీ, ఇవ్వలేదు. పైగా వెన్నెముక కొంచెం వంకర ఉందని వైద్యపరీక్షలోనూ ఇబ్బంది వచ్చింది. మెకార్థర్ మిల్వాకీలో ఉండి వైద్యం చేయించుకున్నాడు, ట్యూషన్ పెట్టించుకుని చదివాడు, కాంగ్రెస్ సభ్యుడు పెట్టిన పోటీ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుని 1899లో చేరాడు. 1903లో తరగతిలో మొదటివాడిగా బయటికి వచ్చాడు. డ్వైట్ ఐసెన్‌హోవర్ మనసు నౌకాదళ అకాడమీ మీద ఉండేది. వయోపరిమితి దాటిపోయిందన్నారు. వెస్ట్ పాయింట్‌కు వెళ్ళాడు. 1915లో ఆయనతోపాటు పట్టా పుచ్చుకున్న 164 మందిలో 59 మంది జనరల్ హోదాకు చేరారు. హ్యారీ ట్రూమన్‌కు చూపు బాగా తక్కువ కావడంతో వెస్ట్ పాయింట్ ఆశే వదులుకోవలసి వచ్చింది.

బ్రిటన్‌లో 1871 వరకు అధికారి పదవిని డబ్బిచ్చి కొనుక్కునే ఆచారం ఉండేదంటే మీకు నవ్వు రావచ్చు. దాన్ని రద్దు చేశాక పోటీ పరీక్షలకు విలువ పెరిగింది, వాటితోపాటు శిక్షణా కేంద్రాలూ పెరిగాయి. విన్‌స్టన్ చర్చిల్ శాండ్‌హర్స్ట్ ప్రవేశ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. అచ్చం మన కోచింగ్ సెంటరు లాంటి ఒక సంస్థలో చేరి, 1893లో మూడోసారి గట్టెక్కాడు. పదాతి దళానికి కావలసిన మార్కులు రాలేదు, అశ్వదళానికి సరిపోయాయి. కొడుకు నెగ్గినందుకు తండ్రి సంతోషించాడనుకుంటున్నారా? పదాతి దళం రాలేదని మండిపడుతూ ఉత్తరం రాశాడు. ఫలితాల రోజున తండ్రులు మాట్లాడే తీరు అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ఇక మన దేశానికి వద్దాం. బ్రిటిష్ పాలనలో భారతీయులకు శాండ్‌హర్స్ట్ తలుపు తెరిచింది మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో. అదీ ఏడాదికి 10 సీట్లు. అంత పెద్ద దేశానికి పది! ఆ పది సీట్లకు పిల్లలను తయారుచేయడానికి 1922 మార్చి 13న డెహ్రాడూన్‌లో ఒక సైనిక కళాశాల ప్రారంభమైంది. ఈనాటి ఆర్.ఐ.ఎం.సి. అదే. 1925లో ఏర్పడిన స్కీన్ కమిటీలో మోతీలాల్ నెహ్రూ, జిన్నా సభ్యులు. దేశంలోనే ఒక శాండ్‌హర్స్ట్ కావాలన్న వాదనకు ఆ కమిటీ బలం చేకూర్చింది. 1932 అక్టోబరు 1న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ 40 మందితో మొదలైంది. అందులో బహిరంగ పోటీ పరీక్ష ద్వారా వచ్చినవారు 15 మంది మాత్రమే. ఆరో స్థానంలో ఉన్న కుర్రవాడు అమృత్‌సర్‌కు చెందిన డాక్టరు గారబ్బాయి. అతనికి లండన్ వెళ్ళి వైద్యం చదవాలని ఉండేది. చిన్నవాడివని తండ్రి పంపలేదు. ఆ కోపంతో పరీక్ష రాశాడు. ఆయనే తరువాత ఫీల్డ్ మార్షల్ అయిన శ్యామ్ మానెక్‌షా. ఒకచోట వచ్చిన "వద్దు" ఇంకోచోటికి నెట్టిందన్నమాట.

ఇంతవరకు చెప్పినవి వ్యక్తుల కథలు. ఇప్పుడు పద్ధతి కథ. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

రెండో ప్రపంచయుద్ధం తొలినాళ్ళలో బ్రిటిష్ సైన్యం అధికారులను కొద్ది నిమిషాల ఇంటర్వ్యూతో ఎంచుకునేది. ఏ స్కూల్లో చదివావు, మీ నాన్న ఏం చేస్తారు, ఏ ఆట ఆడతావు వంటి ప్రశ్నలే. యుద్ధం పెరిగి వేలమంది అధికారులు అవసరమయ్యేసరికి ఆ పద్ధతి బెడిసికొట్టింది. ఎంపికై శిక్షణకు వెళ్ళినవారు పెద్ద సంఖ్యలో పనికిరారని తిరిగివచ్చారు. ఆ అవమానంతో వాళ్ళు కుంగిపోవడం మరో సమస్య అయింది. దాంతో 1942లో ఎడిన్‌బరోలో మనోవైద్యులు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, సైనికాధికారులు కలిసి కొత్త తరహా సెలక్షన్ బోర్డును రూపొందించారు. జర్మన్ సైన్యం అంతకుముందే వాడిన కొన్ని పద్ధతులనూ పరిశీలించారు. వాళ్ళలో విల్‌ఫ్రెడ్ బయన్ అనే వైద్యుడు తెచ్చిన ఆలోచన చాలా సులువైనది, చాలా లోతైనది. కొంతమందిని ఒక గుంపుగా చేసి ఒక పని అప్పజెప్పండి. నాయకుడెవరో చెప్పకండి. దూరంగా నిలబడి చూడండి. అప్పుడు ప్రతి అభ్యర్థీ ఇరకాటంలో పడతాడు: తను మెరవాలి, కాని పక్కవాళ్ళతో కలిసి పని చేయకపోతే పని జరగదు. ఆ ఇరకాటంలో మనిషి ఏం చేస్తాడన్నదే అసలు పరీక్ష.

మరుసటి ఏడు, 1943లో, అదే తరహా ప్రయోగాత్మక బోర్డు డెహ్రాడూన్‌లో మొదలైంది. ఇప్పుడు మీరు ఎన్.డి.ఏ. రాత పరీక్ష నెగ్గి బెంగళూరుకో భోపాల్‌కో ప్రయాగ్‌రాజ్‌కో వెళ్ళి అయిదు రోజులు ఎదుర్కొనే ఎస్.ఎస్.బి. ఆ విత్తనం నుంచి మొలిచిన చెట్టే. బొమ్మ చూసి కథ రాయమంటారు. అరవై మాటలు ఒకదాని తరువాత ఒకటి చూపిస్తారు, ఒక్కో మాటకు పదిహేను సెకన్లు. మైదానంలో దుంగలు, తాళ్ళు ఇచ్చి నాయకుడు లేకుండా అడ్డంకులు దాటమంటారు. చివరి రోజున బోర్డు మొత్తం కూర్చుంటుంది. తరువాత ఒక అధికారి వచ్చి ఛాతీ మీద తగిలించుకున్న నంబర్లు చదువుతాడు. చదవని నంబరు వాళ్ళు ఆ గుడ్డ విప్పి ఇచ్చేసి, సూట్‌కేసు సర్దుకుని స్టేషనుకు వెళ్ళాలి. కారణం చెప్పరు. ఎన్ని మార్కులు తగ్గాయో అప్పుడు తెలియదు. ఈ చెప్పకపోవడమే చాలామందిని ఏళ్ళ తరబడి వేధిస్తుంది. నా విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, తను రాసిన కథల్లో ఏది తప్పో చెప్పమని నెల రోజులు కనబడినవాళ్ళందరినీ అడిగాడు. ఆ కథల్లో తప్పేమీ ఉండనక్కర్లేదని వాడికి నమ్మకం కుదరడానికి ఆ నెల పట్టింది.

ఎందుకు ఉండనక్కర్లేదో ప్రయోగశాల భాషలో చెబుతాను. వెర్నియర్ కాలిపర్స్ మీరందరూ వాడారు. దాని కనీస కొలత 0.1 మిల్లీమీటరు. రెండు తీగల మందంలో అంతకన్నా తక్కువ తేడా ఉంటే ఆ పరికరం చెప్పలేదు, చెప్పినట్టు కనిపించినా నమ్మకూడదు. పరికరం మంచిది కాదని కాదు, ప్రతి పరికరానికీ ఒక హద్దు ఉంటుంది. ఎన్.డి.ఏ. ఎంపికలో రాత పరీక్షకు 900, ఎస్.ఎస్.బి.కి 900, మొత్తం 1800 మార్కులు. మెరిట్ లిస్టులో చివరి పేరుకూ, లిస్టులో లేని మొదటి పేరుకూ తేడా ఒక్క మార్కు కావచ్చు. 1800లో ఒకటి! మనుషుల ధైర్యాన్నీ, సమయస్ఫూర్తినీ అంత సన్నగా కొలవగల పరికరం లోకంలో లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి గీస్తారు. ఆ గీతకు చాలా దూరాన ఉన్నవారి విషయంలో బోర్డు మాటకు బరువు ఎక్కువ. గీతను ఆనుకుని ఉన్నవారి విషయంలో అది దాదాపు బొమ్మా బొరుసూ.

ఇది ఊరికే ఓదార్పు కోసం చెప్పడం లేదు, దీనికి ఆధారం ఉంది. 1979లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఇంటర్వ్యూలు జరిపి 150 మందిని ఎంచుకుంది. ఆ తరువాత రాష్ట్ర శాసనసభ మరో 50 మందిని చేర్చుకోమంది. అప్పటికి మంచి ర్యాంకుల వాళ్ళంతా వేరే కళాశాలల్లో చేరిపోయారు. ఇంటర్వ్యూ ర్యాంకుల్లో అట్టడుగున మిగిలినవారిని తీసుకోవలసి వచ్చింది. వాళ్ళలో చాలామందిని ఏ వైద్య కళాశాలా తీసుకోలేదు. చదువు పూర్తయి, ఆసుపత్రిలో మొదటి ఏడాది పనిచేసేదాకా రెండు గుంపులనూ పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 1987లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఇలాంటి ప్రయోగాలు అరుదు, ఎందుకంటే వద్దన్నవాళ్ళను మళ్ళీ పిలిచి పరీక్షించే అవకాశం ఎవరికీ రాదు.

అయితే దీన్ని అతిగా సాగదీయకండి. బోర్డులన్నీ వృథా అని దీని అర్థం కాదు. వైద్య కళాశాల వేరు, యుద్ధభూమి వేరు. అలాగే పైన చెప్పిన పెద్దవాళ్ళ కథల్లోనూ ఒక కిటుకు ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. కలాం తొమ్మిదో స్థానంలో ఉన్నారు. పదో స్థానంలో ఉన్నదెవరు? పదిహేనో స్థానంలో? వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళు బహుశా ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా, గుమాస్తాలుగా బతికి ఉంటారు. వద్దనిపించుకున్నవారందరూ గొప్పవాళ్ళవుతారని గొప్పవాళ్ళైన నలుగురిని చూపించి నిరూపించలేం. "నీకింకా పెద్దది రాసిపెట్టి ఉంది" అన్న మాట చెప్పినవాళ్ళకు తేలిక, విన్నవాళ్ళకు ఇంకో బరువు. ఆ పదో స్థానం మనిషి మామూలుగా, సంతృప్తిగా బతికి ఉంటే ఆయనకూ లోటేమీ లేదు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటి. అక్కడి అకాడమీలు ఏటా వేసవిలో పదకొండో తరగతి చదువుతున్న పిల్లలకు వారం రోజుల శిబిరాలు నడుపుతాయి. క్యాడెట్ల గదుల్లో ఉండి, వాళ్ళ తరగతుల్లో కూర్చుని, తెల్లవారుజామునే లేచి వ్యాయామం చేసి, ఆ జీవితం తమకు నప్పుతుందో లేదో చూసుకోవడం వాటి ఉద్దేశం. వాటికీ గట్టి పోటీ ఉంటుంది. శిబిరానికి పిలుపు రాకపోతే అకాడమీయే తలుపు మూసేసిందని పిల్లలు కుంగిపోతారు. అది నిజం కాదు. రెండూ వేర్వేరు దరఖాస్తులు, వేర్వేరు నిర్ణయాలు. శిబిరానికి వెళ్ళడం ప్రవేశానికి షరతు కాదు. హైదరాబాద్ నుంచి వలస వెళ్ళిన ఇంజనీరు కుమారుడు రాజా చారి 1999లో అక్కడి వైమానిక దళ అకాడమీలో పట్టా పుచ్చుకుని, యుద్ధ విమాన పైలట్ అయి, 2021 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన బృందానికి కమాండరుగా వ్యవహరించారు. మన దగ్గర ఎన్.సి.సి. క్యాడెట్లకు రిపబ్లిక్ డే శిబిరం అలాంటిదే. బెటాలియన్ స్థాయి నుంచి వడపోత మొదలై, చివరికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డైరెక్టరేట్ తరఫున వెళ్ళేది కొద్దిమంది. మిగిలినవారి సర్టిఫికెట్‌కు దానివల్ల విలువ తగ్గదు.

ఇంకో రకం తిరస్కారం ఉంది. దరఖాస్తే తీసుకోకపోవడం. ఎన్.డి.ఏ. మొదలైన నాటి నుంచి 2021 వరకు ఆడపిల్లలకు ఆ పరీక్ష రాసే వీలే లేదు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆ నవంబరులో తొలిసారి రాశారు. 2022లో చేరిన మొదటి బృందంలో 17 మంది 2025 మే 30న ఖడక్‌వాస్లాలో శిక్షణ పూర్తిచేసి బయటికి వచ్చారు. అంతకుముందు ఎన్ని తరాల అమ్మాయిలు కొలత దాకా కూడా రాకుండానే ఆగిపోయారో ఏ మెరిట్ లిస్టూ చెప్పదు. అమెరికాలోనూ 1976 దాకా ఇదే స్థితి. ఆ ఏడు వెస్ట్ పాయింట్‌లో చేరిన 119 మంది యువతుల్లో 62 మంది 1980లో పట్టా అందుకున్నారు.

కాబట్టి ఫలితం చేతికొచ్చినప్పుడు ముందుగా అది ఏ రకం "కాదు" అన్నది చూడండి. రాత పరీక్షలో తప్పితే అది లెక్కలు, సామాన్యశాస్త్రం, ఇంగ్లీషుకు సంబంధించిన విషయం. చదివి బాగుచేసుకోవచ్చు, ఎన్.డి.ఏ. పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. వైద్యపరీక్షలో ఆగితే అప్పీలు మెడికల్ బోర్డు ఉంది, గడువు దాటకుండా అడగాలి. ఎస్.ఎస్.బి.లో ఆగితే ఎన్నిసార్లయినా మళ్ళీ వెళ్ళవచ్చు, వయసు ఒక్కటే హద్దు. వైమానిక దళపు పైలట్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పినా నేలమీద పనిచేసే శాఖలకు దారి ఉంటుంది. బోర్డు సిఫారసు చేసి, ఆరోగ్యం బాగుండి, మెరిట్ లిస్టులో పేరు రాకపోతే మీ తప్పు వెతకడం మానేయండి, అది సీట్ల లెక్క. డిగ్రీ తరువాత సి.డి.ఎస్. ఉంది, ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా బోర్డుకు వెళ్ళే ప్రత్యేక ప్రవేశం ఉంది, ఇంజనీరింగ్ చదివేవారికి సాంకేతిక ప్రవేశాలున్నాయి.

కోరుకొండ సైనిక్ స్కూలులో ఆరో తరగతి సీటుకు పరీక్ష రాసే పదేళ్ళ పిల్లవాడికి ఈ మాటలేవీ అర్థం కావు. 1962 నుంచి ఆ స్కూలు ముందు ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల వెనక పెద్దవాళ్ళు కూడా నిలబడుతూనే ఉన్నారు. ఆ వయసు పిల్లలు లిస్టును కాదు, ముందు పక్కనున్న తండ్రి మొహాన్ని చూస్తారు. మీ తమ్ముడో చెల్లెలో ఆ వరసలో ఉంటే, ఆ రోజు మీరు కూడా వెంట వెళ్ళండి.